క్యాల్కులేటర్ల పడమటి అర్ర

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలే. ఇది రాస్తున్నప్పుడు కూడా నమ్మి రాస్తలేను.

మాది పెద్దపల్లి దగ్గర ఒక పల్లె. తాతల కాలం నుంచి మాది మిషన్ చర్చి కుటుంబం. ఆదివారం ఆరాధనల పాటలు ఎత్తుకునేది మా బాపే. ఊర్లె ఎవరికన్న గాలి సోకిందని గుంపు కూడితే, మా బాపు వాళ్ళను ఆటోల ఎక్కించుకొని దవాఖానకు తీస్కపోయేటోడు. "గాలి గాదు, బీమారి. మందు గోలి ఏస్తే పోతది" అనేటోడు. ఆ ఇంట్ల పెరిగిన నేను డిగ్రీల లెక్కలు చదివిన, తర్వాత బీఈడీ చేసిన. ఏదన్న నిజమని ఒప్పుకోవాలంటే నాకు రుజువు కావాలె.

అందుకని దీన్ని దయ్యం కథ అని చెప్తలేను. జరిగింది జరిగినట్టు, వరుసగ చెప్త. నాకు అర్థం కాని కాడ అర్థం కాలేదనే రాస్త.

ఆసిఫాబాద్ దాటినంక లోపలికి ఒక ఊరుంది. పేరు రాయను, ఆ ఇంటోళ్ళు ఇంకా ఆడనే ఉన్నరు. ఊరికి అటొక వాగు, ఇటొక వాగు. ఆడ ఆడపిల్లల హాస్టల్ స్కూల్ల నాకు లెక్కల టీచర్‌గ కాంట్రాక్టు ఉద్యోగం వచ్చింది. మొదటిసారి ఇల్లు ఇడిసి అంత దూరం పోవుడు.

నేను పోయే ముందట మా కాక దోహా నుంచి సెలవు మీద వచ్చిండు. కాక అంటే మా బాపు తమ్ముడు. ఆడ ఒక స్కూల్ల బస్సు నడుపుతడు. ఆ స్కూలోళ్ళు పాత సామాను పారేస్తుంటే అడిగి, నా కోసమని ఒక క్యాల్కులేటర్ తెచ్చిండు. మామూలుది కాదు, గ్రాఫింగ్ క్యాల్కులేటర్. ఇటుక పెళ్ళంత మందం. సమీకరణం కొడితే తెర మీద దాని గీత గీసి చూపిస్తది. సన్న సెల్లు ఏస్తే నెలల తరబడి నడుస్తది. సిమ్ము లేదు, నెట్టు లేదు. బయటి లోకంతోని దానికి ఏ సంబంధం లేదు. కాని దాంట్ల ప్రోగ్రాం రాయొచ్చు.

మా స్కూలు పిల్లలకు ఆల్జీబ్రా అంటే వణుకు. "ఎక్స్ అంటే ఏంది మేడం, ఎందుకుంటది?" అని అడుగుతరు. నేను ఎంత చెప్పినా వాళ్ళ మొహాల్ల వెలుగు రాలే. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. క్యాల్కులేటర్ల ఒక ఆట తయారు చేద్దామని. బొమ్మలుండవు, రాతే ఆట. "నువ్వు వసారాల ఉన్నవు. ఎటు పోతవు?" అని అడుగుతది. తూర్పుకు ఒక అక్షరం, పడమరకు ఒకటి, ఉత్తరానికి, దక్షిణానికి ఒక్కొక్కటి. నొక్కిన దాన్ని బట్టి ఇంకో అర్రలకు పోతవు. నువ్వు ఏ అర్రల ఉన్నవో గుర్తు పెట్టుకునే డబ్బా పేరే ఎక్స్. ఒకటి అంటే వసారా, రెండు అంటే నడిమిల్లు, అట్ల. ఎక్స్ అంటే ఏందో పిల్లలకు అప్పుడన్న తెలుస్తదని నా ఆశ.

తెలుగు అక్షరాలు దాంట్ల రావు. ఫోన్ల మెసేజ్ రాసినట్టే, ఇంగ్లిష్ అక్షరాలతోని తెలుగు మాటలు కొట్టేదాన్ని. తెర సన్నది, ఎక్కువ పట్టదు. అందుకే పొట్టి పొట్టి మాటలు రాసిన.

ఆటకు ఒక ఇల్లు కావాలె. కొత్తగ కల్పించుడు ఎందుకని, నేను కిరాయికి ఉంటున్న ఇంటినే పెట్టిన.

ఆ ఇల్లు రాజక్కది. మట్టి గోడలు, పైన గూన పెంకులు. తూర్పు దిక్కు వసారా, దాని ఎనక నడిమిల్లు. నడిమింటికి ఉత్తరాన వంటర్ర, దక్షిణాన నా అర్ర. పడమట గోడ. అంతే. రాజక్కకు యాభై దాటి ఉంటయి. వసారాల మిషను పెట్టుకొని జాకెట్లు కుడుతది. వాళ్ళాయన మల్లేశన్న లారీ డ్రైవరు, బియ్యం లోడు ఏసుకొని చంద్రాపూర్ దిక్కు పోతే వారం దాకా రాడు. పిల్లలు లేరు. రాజక్క తక్కువ మాట్లాడే మనిషి. కాని నేను స్కూల్ నుంచి వచ్చే వరకు పొయ్యి మీద చాయ పెట్టి ఉంచేది.

ఆ ఏడు ముసురు పట్టింది. మా దిక్కు వాన ఎరిగినోళ్ళకు చెప్పక్కర్లేదు. జోరుగ కొట్టి ఆగిపోయే వాన కాదు. పొద్దూ మాపూ తేడా లేకుండ, ఆకాశం కిందికి దిగొచ్చి ఇంటి మీద కూసున్నట్టు పడుతనే ఉంటది. స్కూలోళ్ళు పిల్లలను ముందే ఇండ్లకు తోలిచ్చిన్రు. నేను కూడ పెద్దపల్లికి పోదామని సంచి సర్దుకున్న. బస్టాండు కాడికి పోయేసరికి వాగు వంతెన మీదికెళ్ళి నీళ్ళు పోతున్నయి. రెండో దిక్కు వాగు కూడ అంతే. మల్లేశన్న లారీ అవతలి గట్టున ఆగిపోయింది.

కరెంటు పోయింది. తర్వాత టవర్ పోయింది. ఫోన్ల చార్జింగు అయిపోయింది. నేనూ రాజక్కా ఆ ఇంట్ల ఉండిపోయినం. వసారా దాటితే బురద, దాని అవతల నీళ్ళు. గోడలు తేమ పీల్చి నల్లబడ్డయి. తలుపులు ఉబ్బి, మూస్తే రావు, తీస్తే పోవు. బట్టలు ఆరవు. ఇంట్ల ఎటు పోయినా అదే వాసన, తడిసిన మట్టి వాసన.

నడుస్తున్న వస్తువులు ఇంట్ల రెండే. రాజక్క తొక్కుడు మిషను, నా క్యాల్కులేటర్. వసారా వెలుతురుకు ఆమె ఒక మూల, నేను ఒక మూల. ఆమె కుట్టుకునేది, నేను ఆట రాసుకునేదాన్ని.

నాలుగు అర్రలు రాసిన. వసారా, నడిమిల్లు, నా అర్ర, వంటర్ర. నడిమింట్ల పడమర నొక్కితే "గోడ ఉంది" అని రావాలె, మనిషి ఆడనే ఉండాలె. అట్లనే రాసిన.

ఒక మధ్యాహ్నం ఆటను పరీక్షిస్తున్న. వసారా నుంచి నడిమింట్లకు వచ్చిన. పడమర నొక్కిన. "గోడ ఉంది" అని రాలే. తెర ఖాళీ అయింది. కొంచెం సేపటికి కింద ఎటు పోతవని అడిగే ప్రశ్న గుర్తు ఒక్కటి వచ్చింది. తూర్పు నొక్కిన. మళ్ళ ఖాళీ, మళ్ళ ప్రశ్న గుర్తు. ఏ దిక్కు నొక్కినా అంతే. బయటికి రాలేకపోయిన. ఆఖరుకు ప్రోగ్రామును బలవంతంగ ఆపిన.

ఇట్లాంటివి మామూలే. ఎక్కడన్న ఒక చోట తప్పు కొడితే ఆట తన చుట్టు తాను తిరుగుతది. తప్పు ఏడుందో చూద్దామని ఎక్స్‌ల ఏముందో అడిగిన. అయిదు అని చూపించింది.

అయిదో అర్ర నేను రాయలే. ఎక్స్‌ల అయిదు పెట్టు అని నా ప్రోగ్రాంల ఏడ లేదు. మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా ఏలు పెట్టుకుంట చదివిన. లేదు.

తేమకు ఖరాబైతున్నదేమో అనుకున్న. బట్టతోని తుడిచిన, సెల్లు తీసి ఎంటనే మళ్ళ ఏసిన. పడమర భాగం మొత్తం చెరిపి కొత్తగ రాసిన. మరునాడు మళ్ళ పరీక్షించిన. పడమర నొక్కితే ఈసారి తెర ఖాళీగ లేదు. "తలుపు తియ్యి" అని ఉంది.

నాకు భయం కాలే. కోపం వచ్చింది. స్కూలు పిల్లలెవరన్న కొట్టిన్రేమో అని మొదలు అనుకున్న. కాని ఆ క్యాల్కులేటర్ నేను స్కూలుకు ఒక్కసారి కూడ తీస్కపోలే, ఆట అయినంక చూపెడదామని ఇంట్లనే దాచిన. రాజక్కకు ఇంగ్లిష్ అక్షరాలు రావు. ఇంక ఆ ఇంట్ల మనుషులే లేరు.

అప్పుడు లెక్కల టీచర్ చేసే పనే చేసిన. ఉన్నదంత చెరిపేసిన. క్యాల్కులేటర్ల మెమరీ మొత్తం ఖాళీ చేసే పద్ధతి ఒకటుంటది, అది చేసిన. కొత్త దాని లెక్క అయింది. దాంట్ల రెండే రెండు అర్రలు రాసిన, వసారా, నడిమిల్లు. అన్నీ కలిపి ఒక తెరకు సరిపోయేంత ప్రోగ్రాం. తప్పు దాగడానికి జాగనే లేదు. నడిపిన. పడమర నొక్కిన.

"వదినె తలుపు తియ్యి."

మళ్ళ నొక్కిన. అదే మాట. తూర్పు నొక్కిన, అదే మాట. ఏ దిక్కు పోతనన్నా అదే. ఆ అర్రలకు పోవుడే ఉంది, వచ్చుడు లేదు. క్యాల్కులేటర్ పక్కకు పెట్టి వసారా అంచుకు పోయి, వాన మొహం మీద పడుతుంటే నిలబడ్డ. పోదామంటే ఏడికీ తొవ్వ లేదు.

నాకు వదినె లేదు. మా అన్నకు అప్పటికి పెండ్లి కాలే. ఆ మాట నా నోట్ల మెదిలే మాట కాదు.

లోపలికి తిరిగొచ్చి రాజక్కను అడిగిన.

"రాజక్క, మన నడిమింటికి పడమట దిక్కు ఏముంది?"

"ఏముంటది. గోడ."

"గోడ అవతల?"

"పక్కోళ్ళ జాగ. చెట్లు మొలిచినయి." మిషను ఆపకుండనే చెప్పింది.

దాచుడు ఎందుకని, క్యాల్కులేటర్ల జరుగుతున్నది చెప్పిన. ఆమె సగం విన్నట్టు, సగం విననట్టు ఉంది. ఏం రాసిందని అడిగింది. చదివిన.

రాజక్క కాలు ఆగిపోయింది. మిషను చక్రం మీద చెయ్యి పెట్టి అడిగింది.

"నీకెవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్పలేదక్కా. ఏం చెప్తరు?"

ఆమె కుడుతున్న జాకెటు మడిచి పెట్టింది. "జర దాని సెల్లు తీసెయ్ బిడ్డా" అన్నది. తీసేసిన. మాపటికి అన్నం పెట్టింది గాని తాను తినలే. పండుకునేటప్పుడు తన చాపను పడమటి గోడ కాడి నుంచి గుంజుకొచ్చి నా అర్ర తలుపు ముందట ఏసుకుంది.

తెల్లారి మేము లేచి మొహాలు కడుక్కున్నం. ఇద్దరం నడిమింట్ల కూసొని చాయ తాగుతున్నం. వసారా దిక్కు కర్ర ఇరిగిన చప్పుడు వచ్చింది. లేచి చూసేలోపే వసారా కప్పు మొత్తం దూలంతోని సహా కింద పడ్డది. తలుపుకు అడ్డంగ పెంకులు, మట్టి, కట్టెలు. వెలుతురు పోయింది. మిషను దాని కింద పడిపోయింది.

వంటర్ర తలుపు దిక్కు ఉరికినం. దొడ్డి తలుపు ఆడనే ఉంటది. మేము గడప కాడికి పోయేసరికి వంటర్ర బయటి గోడ లోపలికి ఒరిగి, మా కండ్ల ముందటనే కూలింది. బురద మా కాళ్ళ దాకా వచ్చింది. ఆ తొవ్వ కూడ పోయింది.

నా అర్రకు ఒక్క కిటికే ఉంది. దానికి ఇనుప చువ్వలు. చువ్వలు పట్టుకొని అరిసిన. వాన చప్పుడుకు నా గొంతు నాకే వినిపిస్తలేదు. అటు దిక్కు ఎవరిండ్లూ లేవు. చువ్వలు గుంజిన, ఊపిన. రాలే.

నడిమింట్ల మేమిద్దరం మిగిలినం. నెత్తి మీద దూలం సప్పుడు చేస్తున్నది. ఒక్కొక్క పెంకు జారి పడుతున్నది. గోడల నుంచి నీళ్ళు కారుతున్నయి. రాజక్క నా చెయ్యి పట్టుకుంది. నేను ప్రార్థన మొదలు పెట్టిన గాని మాటలు వస్తలేవు, ఒక్క మాటనే మళ్ళ మళ్ళ అంటున్న. ఆ ఇంట్లనే చచ్చిపోతం అనుకున్న. మా అవ్వకు ఈ సంగతి ఎవరు చెప్తరో, ఎన్ని దినాలకు చెప్తరో అనుకున్న.

అప్పుడు రాజక్క అన్నది, "అది జర చూడు బిడ్డా."

"ఏంది?"

"నీ మిషను. ఏమన్న చెప్తదేమో చూడు."

గూట్ల నుంచి క్యాల్కులేటర్ తీసిన. సెల్లు ఏసిన. తెర వెలిగింది. ప్రోగ్రాంల కోసం చూసిన, ఒక్కటి లేదు. రాత్రంత సెల్లు తీసి పెట్టినందుకు అన్నీ తుడిచిపెట్టుకుపోయినయి. ఆట లేదు, అర్రలు లేవు.

"ఏం లేదక్కా. అన్నీ పోయినయి."

"ఏం లేదా?"

ఎందుకు నొక్కిన్నో నాకు తెల్వదు. ఎక్స్‌ల ఏముందో అడిగిన. మెమరీ పోయిన క్యాల్కులేటర్ల ఎక్స్ అంటే సున్నా. అది తప్ప ఇంకోటి రావొద్దు.

అయిదు వచ్చింది.

"అయిదు అంటుంది. అయిదో అర్ర" అని చెప్పిన. "పడమర నొక్కినప్పుడు పోయే అర్ర."

రాజక్క లేచింది. మూలకు ఆనించిన రోకలి తీసుకుంది. పడమటి గోడ కాడికి పోయింది. ఎతకలేదు, తడిమి చూడలేదు. గోడల ఒక్క జాగ మీదనే, ఒక మనిషి చేతులు చాపినంత మేర, రోకలితోని గుద్దుడు మొదలు పెట్టింది. తడిసిన మట్టి పూత పెళ్ళలు పెళ్ళలుగ రాలింది. దాని కింద మట్టి గోడ కాదు. కట్టె. తలుపు చెక్కలు.

నేను గోళ్ళతోని మట్టి గుంజిన. నడుమ ఒక గొళ్ళెం బయటపడ్డది. తుప్పు పట్టి ఉంది. అది మా దిక్కే ఉంది. అంటే ఆ తలుపు ఈ పక్క నుంచి పెట్టింది.

రాజక్క గొళ్ళెం మీద కొట్టింది. కదలలే. మళ్ళ కొట్టింది. ఎనక దూలం ఇంకింత కిందికి ఒంగింది.

"ఆగు, తీస్తున్న. తీస్తున్న" అన్నది రాజక్క.

నన్ను అంటుందనుకున్న. కాని నేను ఆమె ఎనక, ఆమె భుజానికి ఆనుకొని ఉన్న. ఆమె తలుపు చెక్కకు చెవి ఆనించి, చెక్కతోని మాట్లాడుతున్నది.

గొళ్ళెం ఇరిగింది. ఇద్దరం నూకితే తలుపు అవతలికి తెరుసుకుంది.

మొదలు కనిపించింది ఆకాశం. ఆ అర్రకు కప్పు లేదు. ఎప్పుడో పోయింది. లోపల సీతాఫలం చెట్లు, గడ్డి, నడుం దాకా. అవతలి గోడ సగం కూలి ఉంది, దాని ఎనక గల్లీ. గల్లీల నుంచి నేను ఎన్నోసార్లు ఆ చెట్లను చూసిన. పక్కోళ్ళ పాడుబడ్డ జాగ అనే అనుకున్న. అది ఈ ఇంటి అర్రనే అని నాకు తెల్వదు.

నేను ఉరకబోయిన. రాజక్క కదలలే. తలుపు రెక్క చేత పట్టుకొని, గడప పక్కకు ఒరిగి నిలబడ్డది. ఎదురుగ ఎవరన్న వస్తుంటే తొవ్వ ఇస్తం చూడుండ్రి, అట్ల. నేను చూసిన, ఎవరూ లేరు. వాన తప్ప ఏం లేదు. "నడువు రాజక్క" అని ఆమె రెక్క పట్టి గుంజిన. చెట్ల నడుమ నుంచి పోయి, కూలిన గోడ ఎక్కి గల్లీల దుంకినం. బురదల పడ్డం. లేవకముందే ఎనక నడిమిల్లు కూలింది. చప్పుడు పెద్దగ రాలే. ఒక బస్తా కింద ఏసినట్టు వచ్చింది, అంతే.

ఊరోళ్ళు వచ్చి మమ్మల్ని స్కూలు బిల్డింగుకు తీస్కపోయిన్రు. ఇండ్లు కూలినోళ్ళంత ఆడనే ఉన్నరు. ఎవరో పొడి చీరలు ఇచ్చిన్రు. నేను పాఠం చెప్పే క్లాసురూంల కూసున్నం. ఎంటికలు తుడుసుకుంట రాజక్క చెప్పింది, నేను అడగకుండనే.

ఆమె పెండ్లై ఆ ఇంటికి వచ్చిన ఏడు, మల్లేశన్న చెల్లెలు పద్మకు టీబీ వచ్చింది. అప్పట్ల ఆ బీమారి అంటే అందరికి భయం. అత్త ఆమెను పడమటి అర్రల ఉంచి బయట గొళ్ళెం పెట్టింది. అన్నం కిటికిల నుంచి ఇచ్చేది. కొత్త కోడలు అటు దిక్కు పోవద్దని చెప్పింది. పద్మ అన్నను పిలవకపోయేది, తల్లిని పిలవకపోయేది.

"నన్నే పిలిచేది" అన్నది రాజక్క. "రోజు పిలిచేది. గా గొళ్ళెం నా చేతికి అందేంత దూరమే. నేను చెవులు మూసుకొని వంట చేసేదాన్ని."

పద్మ ఆ అర్రలనే పోయింది. నెల తిరగకముందే అత్త ఆ తలుపు మీద మట్టి పూయించింది. తర్వాత ఆ ఇంట్ల పద్మ పేరు ఎవరు తీయలే.

"గా తలుపు ఉన్న సంగతి కూడ నేను మర్చిపోయిన బిడ్డా. మర్చిపోవాల్నని మర్చిపోయిన. నువ్వు అనకపోతే గా గోడ కిందనే ఉండేటోళ్ళం."

వాగు తగ్గినంక మల్లేశన్న వచ్చిండు. ఇల్లు చూసిండు. కూలిన మట్టి నడుమ ఆ తలుపు చౌకట్టు ఒక్కటి నిలబడి ఉంది. దాని ముందట చాలాసేపు గొంతుకూసున్నడు.

ఇప్పుడు నా దగ్గరున్న లెక్క చెప్త.

తేమకు క్యాల్కులేటర్ ఖరాబైతది, ఒప్పుకుంట. ఖరాబైతే అంకెలు తప్పొస్తయి. అయిదు కూడ అట్ల వచ్చిందే కావొచ్చు. హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ పని చేసే నా దోస్తుకు ఈ సంగతి చెప్పిన. ఆమె చాలా ఓపికగ విన్నది. చెడిపోయిన మెమరీ అక్షరాలను చెదరగొడ్తది గాని మాటలను కట్టదు అన్నది. "నిద్ర మబ్బుల నువ్వే కొట్టి ఉంటవు" అన్నది. ఉండొచ్చు. ముసురుల దినాల తరబడి ఒక్క ఇంట్ల ఉంటే మనిషి తీరు మారుతది. గోడ పూతల తేడా నా కంటికి తగిలి, నేను గమనించకుండనే మనసు గమనించి ఉండొచ్చు. తలుపు సంగతి దాంతోని అందుతది. కాని వదినె అన్న మాట? ఆ ఇంట్ల ఎవరు ఎవరిని ఆ మాటతోని పిలిచిన్రో నాకు తెలిసే తొవ్వ లేదు. రాజక్క నిద్రల కలవరించిందేమో అని ఆమెనే అడిగిన. కలవరిస్తే నా మాటలు కలవరిస్త గాని పద్మ మాటలు ఎట్ల కలవరిస్త అన్నది.

క్యాల్కులేటర్ దొరకలే. ఉరికేటప్పుడు నా చేతిల నుంచి ఎప్పుడు జారిందో తెల్వదు. తర్వాత జేసీబీ వచ్చి మట్టంత ఎత్తింది. కాబట్టి చూపెట్టడానికి నా దగ్గర ఏం లేదు. మా బాపుకు చెప్తే ఎన్నడూ లేనిది నవ్వలే. "ప్రాణాలతోని వచ్చినవు గద బిడ్డా" అన్నడు. ఆ తర్వాత నేను మంచిర్యాల దగ్గరి స్కూలుకు మారిన.

పోయిన ఎండాకాలం రాజక్కను చూడడానికి పోయిన. అదే జాగల రేకుల ఇల్లు ఏసుకున్నరు. కొత్త మిషను కొనుక్కుంది. చాయ పెట్టింది. ఇద్దరమే ఉన్నమని, నా మనసుల ఉన్నది అడిగిన. ఆ రోజు ఆ తలుపు మనం బయటపడాలని తీసినవా, ఆమె పిలిచిందని తీసినవా అని.

రాజక్క దారం కొస నోట్ల తడిపి సూదిల ఎక్కిచ్చుకుంట చెప్పింది.

"నువ్వు అయిదు అన్నవు. నాకు మాత్రం పిలిచినట్టే ఇనబడ్డది. ఇంగ ఎన్నిసార్లని ఊకుంట."

నాకు మాత్రం ఏం ఇనబడలే. నేను తలుపుకు అంత దగ్గర్నే ఉన్న. వానే ఇనబడ్డది.

ఇంతకు మించి నాకు తెల్వదు. రుజువు లేనిది ఒప్పుకోవద్దని ఇప్పటికీ పిల్లలకు చెప్త. ఇది జరగలేదని మాత్రం నాకు నేను చెప్పుకోలేకపోతున్న.